చావు లేని మంత్రగత్తెలు, తోడు లేని ముసలమ్మలు

'ది కాస్మిక్ వీల్ సిస్టర్‌హుడ్' అనే వీడియో గేమ్‌లో ఫోర్చునా ఒక మంత్రగత్తె. కార్డులు పరిచి జాతకం చెప్పడం ఆమె విద్య. తాను ఉంటున్న మంత్రగత్తెల సంఘం కూలిపోతుందని ఒకసారి కార్డుల్లో కనిపిస్తే, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సంఘం పెద్ద ఎడానాకు అది నచ్చలేదు. ఫోర్చునా దగ్గరున్న కార్డులు తీసేసుకుని, వెయ్యేళ్లు ఒంటరిగా బతకమని ఆకాశంలో తిరిగే ఒక రాతి ముక్క మీదికి వెళ్లగొట్టింది. మనం ఆట మొదలుపెట్టేసరికి 200 ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఇంకా 800 ఏళ్లు ఉన్నాయి. ఫోర్చునాకు చావు రాదు కాబట్టి ఆ 800 ఏళ్లూ అనుభవించాల్సిందే.

స్పెయిన్‌లోని వాలెన్సియాకు చెందిన డీకన్‌స్ట్రక్టీమ్ అనే చిన్న బృందం దీన్ని తయారుచేసింది. 2023 ఆగస్టు 16న విడుదలైంది. ఇందులో కత్తులు, తుపాకులు, పరుగులు లేవు. దాదాపు అంతా మాటలే. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవరికి ఏ జాతకం చెప్పాలి అన్నదే ఆడేవారి పని. ఇది తెలుగులోనూ లేదు, మరాఠీలోనూ లేదు. అయినా కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ లాంటి చోట్ల, అంటే మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊళ్లలో పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ కథ అస్సలు కొత్తగా అనిపించదు. ఒక ఆడమనిషికి మంత్రగత్తె అని పేరు పెట్టడం, ఆమె గడప ఎవరూ తొక్కకుండా చేయడం, అలా ఏళ్ల తరబడి బతకనివ్వడం అక్కడ ఊహ కాదు.

ఈ ఆటలో శిక్ష ఏమిటో సరిగ్గా చూడాలి. ఫోర్చునాను కొట్టలేదు, కట్టేయలేదు. ఇల్లు ఉంది, పుస్తకాలు ఉన్నాయి, వయసు మీద పడదు. తీసేసింది ఒక్కటే, మనుషుల రాకపోకలు. మన పురాణాల్లో దీనికి దగ్గరగా కనిపించేది అశ్వత్థామ శాపం. ద్రౌపది కొడుకులను నిద్రలో చంపి, ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినందుకు కృష్ణుడు అతనికి చావును శిక్షగా వేయలేదు. మూడు వేల ఏళ్లు తోడు లేకుండా, ఎవరితోనూ మాట కలిపే వీలు లేకుండా తిరగమన్నాడు. అమరత్వం వరం కావాలన్నా శాపం కావాలన్నా పక్కన మనిషి ఉండటం, ఉండకపోవడం మీదే తేలుతుందని ఆ కథ చెప్పిన వాళ్లకు బాగా తెలుసు. హనుమంతుడూ చిరంజీవే, కానీ రామకథ చెప్పుకునే ప్రతిచోటా ఆయనకు పీట వేస్తారు. అశ్వత్థామకు ఆ పీట లేదు.

మరి ఏడుగురు చిరంజీవుల పేర్లు ఒకసారి లెక్కపెట్టి చూడండి. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. ఒక్క ఆడపేరు లేదు. యముడితో వాదించి గెలిచిన సావిత్రి కూడా ఆ వాదనంతా చేసింది సత్యవంతుడి ప్రాణం కోసం. ఆడవాళ్లకు పెద్దలు ఇచ్చే దీవెన దీర్ఘసుమంగళీ భవ. ఆ దీవెనలో ఆయుష్షు ఉంది, కాకపోతే అది భర్త ఆయుష్షును బట్టి కొలిచేది. భర్త కంటే ముందు పోతే పుణ్యాత్మురాలు, పసుపు కుంకుమలతో పోయింది అంటారు. భర్త పోయాక ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు ఆరోగ్యంగా బతికితే ఆ బతకడానికి మన భాషలో మంచి మాట ఒకటి కూడా దొరకదు. మొగుణ్ణి మింగింది అంటారు. కొడుకు కూడా పోతే ఆమె ఆయుష్షు వాళ్లదేనంటారు. ఇతరుల ప్రాణాలు తాగి బతుకుతోందన్న అనుమానానికి అక్కణ్ణించి ఒక్క అడుగే దూరం.

ఈ అనుమానానికి సరిహద్దులో ఉన్న పేరు బాణామతి. మరాఠీలో భానామతి అంటారు. నాందేడ్, లాతూర్, అటు బీదర్, ఇటు మెదక్, నిజామాబాద్ దాకా ఈ మాట తెలియని ఊరు ఉండదు. ఇళ్ల మీద రాళ్లు పడటం, ఆరేసిన బట్టలు ఉన్నట్టుండి అంటుకోవడం, ఆడపిల్లలు స్పృహ తప్పడం, కుక్కలా మొరగడం, ఇవన్నీ బాణామతి లక్షణాలని చెబుతారు. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానమే. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్, రాజురా తాలూకాలు మరాఠీ వైపు, అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లిపోయాయి. పరిపాలన మారింది, పిల్లలు మరాఠీ బడికి వెళ్లారు, ఇంట్లో తెలుగు మిగిలింది. భయం మాత్రం రెండు భాషల్లోనూ ఒకే పేరుతో కొనసాగింది.

బాణామతి చేసిందని పేరు ఎవరికి పడుతుందో చూస్తే, దేశంలో మంత్రగత్తె ముద్ర పడే చోట్లన్నీ దాదాపు ఒకే తీరు. ఒంటరి ఆడది, వితంతువు, పిల్లలు లేనిది, లేదా పిల్లలు దూరంగా వలస పోయినది. చాలాసార్లు ఆమె పేరు మీద కాస్త భూమి ఉంటుంది, దాని మీద మరిది కొడుకులకో, పక్క చేనువాడికో కన్ను ఉంటుంది. పశువు చచ్చినా, పసిపిల్లకు జ్వరం తగ్గకపోయినా, ఎవరో ఒకరు దేవరుషి దగ్గరికి వెళతారు. మరాఠీ పల్లెల్లో దేవరుషి అంటే మన భూతవైద్యుడు లాంటివాడే. అతను పేరు చెప్పకుండా గుర్తులు చెబుతాడు. నీ ఇంటికి తూర్పున ఉంటుంది, వయసు మళ్లింది, మనిషి తోడు లేదు. విన్నవాళ్లే పేరు పూరిస్తారు.

ఆటలో అన్నిటికంటే బలమైన ఆలోచన ఇక్కడే తగులుతుంది. ఒంటరితనం భరించలేక ఫోర్చునా నిషేధించిన ఒక పని చేస్తుంది. ఆబ్రమార్ అనే మహాభూతాన్ని పిలిచి ఒప్పందం చేసుకుంటుంది. అతని సాయంతో కొత్త కార్డులు తయారుచేసుకోవడం నేర్చుకుంటుంది. ఒక్కో కార్డుకు వెనక దృశ్యం, మధ్యలో బొమ్మ, చుట్టూ గుర్తులు, అన్నీ ఆడేవారే ఎంచుకుంటారు. గాలి, నీరు, నిప్పు, భూమి అనే నాలుగు శక్తుల్లో ఏది ఎంత ఖర్చు పెట్టారన్న దాన్ని బట్టి ఆ కార్డు చెప్పగల మాటలు మారతాయి. తర్వాత వచ్చిన వాళ్లకు జాతకం చెప్పేటప్పుడు నాలుగైదు వాక్యాలు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. మొదట్లో ఇది తేలికైన ఆటలాగే ఉంటుంది. కొంతసేపటికి అర్థమవుతుంది, ఫోర్చునా జరగబోయేది చూడటం లేదు. ఆమె చెప్పింది కాబట్టి అది జరుగుతోంది. పొరపాటున, లేదా సరదాకు ఎంచుకున్న ఒక చెడ్డ వాక్యం ఇంకొకరి బతుకులో నిజమై తిరిగి వస్తుంది.

దేవరుషి నోటిమాట కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. అతను మంత్రగత్తెను కనిపెట్టడు, తయారుచేస్తాడు. అతను చెప్పే ముందు ఆమె ఒక ముసలమ్మ. చెప్పిన తర్వాత ఆమె బావి దగ్గరికి వస్తే బిందెలు పక్కకు జరుగుతాయి. ఆమె చూసిన పిల్లాడికి దిష్టి తీస్తారు. ఎవరూ మాట్లాడకపోతే ఆమె తనలో తాను మాట్లాడుకుంటుంది, అలా గొణుక్కోవడం చూసి మంత్రాలు చదువుతోందంటారు. జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది. తేడా ఏమిటంటే, ఆటలో మాట అన్నవారే దాని ఫలితం కళ్లారా చూడాల్సి వస్తుంది. తప్పించుకునే దారి లేదు. ఊళ్లో దేవరుషి డబ్బు తీసుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. మాటకు బాధ్యత ఉండాలన్న సంగతిని ఇంత గట్టిగా పట్టించే వీడియో గేమ్‌లు చాలా తక్కువ, ఈ ఒక్క కారణానికైనా దీన్ని ఆడాలి.

మహారాష్ట్రలో ఈ మాటకు చట్టం ద్వారా బాధ్యత పెట్టాలని నరేంద్ర దభోల్కర్, మూఢనమ్మకాల మీద పోరాటానికి ఆయన 1989లో స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి ఏళ్ల తరబడి పోరాడారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకకు వెళ్లిన ఆయన్ని కాల్చి చంపారు. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ డిసెంబరులో చట్టసభలు చట్టం చేశాయి. ఫలానా మనిషి చేతబడి చేస్తోంది, మంత్రాలతో ఆవు పాలు తగ్గిస్తోంది అని ప్రచారం చేయడం కూడా అందులో నేరమే. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఒడిశా కూడా 2013లోనే మంత్రగత్తె వేటను అరికట్టే చట్టం చేసింది. ఇవి అవసరమైన చట్టాలు. అయితే చట్టం నింద వేసినవాణ్ణి పట్టుకోగలదు గానీ, నింద పడ్డ ఆమె ఇంటికి మళ్లీ చుట్టాలను పంపలేదు. శిక్షలోని అసలు భాగం ఆ రాకపోకలు ఆగిపోవడమే కాబట్టి, అది చట్టం చేతికి అందని చోట మిగిలిపోతుంది.

ఫోర్చునా పరిస్థితి ఎప్పుడు మారుతుందంటే, ఆమెను చూడటానికి మనుషులు రావడానికి అనుమతి దొరికినప్పుడు. ఒకరి తర్వాత ఒకరు మంత్రగత్తెలు వస్తారు. పాత స్నేహితురాళ్లు, కొత్తవాళ్లు, వేరే గ్రహాల వాళ్లు, మనిషి ఆకారమే లేని వాళ్లు. కూర్చుంటారు, కబుర్లు చెబుతారు, పాత తగాదాలు తవ్వుతారు, జాతకం అడుగుతారు. ఆబ్రమార్‌తో కూడా స్నేహం మెల్లగా ముదురుతుంది. చావు లేని వాళ్ల మధ్య స్నేహం ఎలా ఉంటుందన్నది ఇక్కడ ఆసక్తికరమైన ప్రశ్న. మామూలు మనుషులకు స్నేహంలో ఒక తొందర ఉంటుంది, మనం పోయేలోపు కలవాలి అన్న తొందర. ఇక్కడ అది లేదు. రెండు వందల ఏళ్లు చూడకపోయినా పర్వాలేదనుకున్నవాళ్లు ఉన్నారు. కాలం అంత ఉండటం వల్లే నిర్లక్ష్యం కూడా అంత పెరిగిందని ఫోర్చునాకు వచ్చిన వాళ్ల మాటల్లో కనిపిస్తుంది. ఆయుష్షు ఎంత పెరిగినా తలుపు తట్టాలన్న బుద్ధి దానంతట అది పుట్టదు.

ఆట పేరులోనే అక్కచెల్లెళ్ల బంధం ఉంది గానీ, ఆ బంధాన్ని అమాయకంగా పొగడలేదు. ఫోర్చునాను వెళ్లగొట్టింది మగవాడు కాదు, ఆడవాళ్లు నడిపే సంఘానికి పెద్ద అయిన ఆడదే. ఇది సరిహద్దు ఊళ్ల అనుభవానికి చాలా దగ్గర. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా మరాఠీ ఇళ్లలో హల్దీ కుంకూ జరుగుతుంది, ముత్తైదువలను పిలిచి పసుపు కుంకుమ పెట్టి వాయనం ఇస్తారు. మన ఇళ్లలో పేరంటం. ధర్మాబాద్‌లోనో దెగ్లూర్‌లోనో ఉన్న తెలుగు ఇల్లాలు రెండింటికీ వెళుతుంది, రెండూ తన ఇంట్లో చేస్తుంది. రెండు భాషల ఆడవాళ్లు కలిసేది ఈ చోటే. ఎంతో అందమైన స్నేహాలు ఇక్కడే మొదలవుతాయి. కానీ ఈ స్నేహానికి ఒక గడప ఉంది, భర్త పోయిన రోజు నుంచి ఆ గడప లోపలికి పిలుపు రాదు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్లే పిలవడం మానేస్తారు. బాణామతి నింద ఇంకా ఎక్కడో ఉంటుంది, దానికి కావలసిన ఒంటరితనం మాత్రం పేరంటాల్లోనే తయారవుతుంది. 2022 మేలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం లాంటివి తమ ఊళ్లో ఇక ఉండవని. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలకు కూడా అదే బాట పట్టమని సర్క్యులర్ పంపింది. నాందేడ్ ఊళ్లలోనూ ఆ పని గాజులతో ఆగకుండా పిలుపుల దాకా రావాలి.

ఆడ, మగ అన్న గీత గురించి కూడా ఆట మాట్లాడుతుంది. సంఘంలో ట్రాన్స్ పాత్రలు ఉన్నాయి. మంత్రగత్తె కావడమంటే ఒక శరీరం వదిలి ఇంకో తీరుగా మారడమే కాబట్టి, ఈ లోకంలో మారడం వింత కాదు. ఎవరు ఎలా మారాలనుకుంటున్నారో వాళ్లే చెబుతారు, మిగతావాళ్లు వింటారు. నాందేడ్ జిల్లాలోనే ఉన్న మాహూర్‌కు ఏటా వెళ్లే తెలుగు భక్తులకు ఈ సంగతి ఒక పాత కథను గుర్తు చేయాలి. మాహూర్ రేణుకామాత మహారాష్ట్రలోని మూడున్నర శక్తిపీఠాల్లో ఒకటి. గర్భగుడిలో అమ్మవారికి శరీరం లేదు, ముఖం ఒక్కటే. తండ్రి జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరికాడన్న కథ అందరికీ తెలుసు. పల్లెల్లో చెప్పే ఎల్లమ్మ కథ ఇంకొంచెం ముందుకు వెళుతుంది. రేణుక ప్రాణభయంతో మాదిగవాడకు పరిగెత్తితే అక్కడి మాతంగి ఆమెను గట్టిగా కావలించుకుంది, కొడుకు గొడ్డలి ఇద్దరి తలలూ తెంచింది, మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. ఊరూరా దీనికి పాఠాంతరాలు ఉన్నాయి. ఏ పాఠం తీసుకున్నా, ఆ కౌగిలి లేకపోతే కథ లేదు. కులం దాటి ఒక ఆడది ఇంకో ఆడదానికి అడ్డం నిలబడింది. తల నరికిన కొడుకు చిరంజీవి అయ్యాడు. అడ్డం నిలబడ్డ ఆమె పేరు చాలామందికి గుర్తే లేదు.

అదే ఎల్లమ్మ పేరు మీద ఆడపిల్లలను జోగినులుగా వదిలేసిన ఆచారం ఈ ప్రాంతంలోనే ఉంది, ఆంధ్రప్రదేశ్ 1988లో దాన్ని చట్టంతో నిషేధించింది. ఎల్లమ్మ సేవలో చీర కట్టి తిరిగే మగవాళ్లూ ఉన్నారు, మరాఠీలో జోగతా అంటారు. పూనకం వచ్చిన శివసత్తి కాళ్లకు జనం మొక్కుతారు. అంటే కనిపించని లోకంతో మాట్లాడే ఆడదాన్ని, మగ ఆడ గీత దాటిన మనిషిని ఈ సమాజం గుర్తించలేదని అనలేం. గుర్తించింది, జాతర రోజు తల మీద పెట్టుకుంది. మరుసటి రోజు ఆమె చెప్పే మాటకు విలువ ఉండదు. ఆటలో మంత్రగత్తె మాట జాతరతో ముగియదు, ఆమెకు ఓటు కూడా ఉంటుంది. ఈ తేడా పెద్దది.

ఓటు అన్నది ఊరికే అన్నమాట కాదు. ఆట రెండో సగంలో సంఘానికి కొత్త పెద్దను ఎన్నుకునే ఎన్నికలు వస్తాయి, ఫోర్చునా కూడా ఆ పోటీలో భాగమవుతుంది. ప్రచారం, పొత్తులు, వాగ్దానాలు, ఇంతవరకు ఇంటికొచ్చి టీ తాగినంత తీరిగ్గా కబుర్లు చెప్పిన స్నేహితురాళ్లంతా ఇప్పుడు ఓటర్లు. చాలామందికి ఈ భాగం కథ నుంచి పక్కకు పోయినట్టు అనిపించవచ్చు. కానీ వెలి వేసే అధికారం ఎవరి చేతిలో ఉందో మార్చకుండా ఒక ఫోర్చునాను విడిపిస్తే, రేపు ఇంకొకరిని ఆ రాతి మీదికి పంపుతారు. కాబట్టి ఎన్నికలు రావాల్సిందే. మహారాష్ట్ర పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. ఆ సీట్లో కూర్చున్న ఆమె ఎడానాలా ఉంటుందా, ఫోర్చునాలా ఉంటుందా అన్నది ఊరి వితంతువులకు ఎంతో ముఖ్యమైన సంగతి.

ఆటలో లోటు కూడా ఉంది. ఫోర్చునా వెలిలో భూమి లేదు, ఆకలి లేదు. ఆమె శత్రువుకు సిద్ధాంతం ఉంది గానీ స్వార్థంగా కావలసిన చెలక లేదు. మన దగ్గర మంత్రగత్తె ముద్ర వెనక సర్వే నంబరు ఉంటుంది, కులం ఉంటుంది, దవాఖానా దూరం ఉంటుంది. డెంగీ జ్వరానికి రక్తపరీక్ష దగ్గరలో దొరికే ఊళ్లో దేవరుషికి గిరాకీ తగ్గుతుంది. ఈ లెక్కలు ఆ అంతరిక్షంలో కనిపించవు. అమరత్వం గురించి ఎంత లోతుగా ఆలోచించినా, రెండు పూటలా తిండి గ్యారంటీగా ఉన్నవాళ్ల అమరత్వమే అది.

అయినా రాకపోకలే విముక్తి అన్న దాని మూల ఆలోచనకు సరిహద్దులో ఇప్పటికే ఒక రూపం ఉంది. మహారాష్ట్రలో బచత్ గట్ అంటారు, ఇటు తెలంగాణలో మహిళా సంఘం, పొదుపు సంఘం. పదిమంది ఆడవాళ్లు వారానికోసారో నెలకోసారో కూర్చుంటారు, డబ్బు కడతారు, అప్పు తీసుకుంటారు. ఇందులో చేరడానికి ముత్తైదువ కానక్కర్లేదు. భర్త పోయినా సభ్యత్వం పోదు. మీటింగ్‌కు రాకపోతే ఎవరో ఒకరు ఇంటికి వచ్చి అడుగుతారు, మొదట కిస్తీ కోసమే అయినా. పొదుపు సంఘాన్ని బ్యాంకు లెక్కలతోనే కొలిచే అధికారులు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మరాఠీ, తెలుగు రెండూ మాట్లాడే సభ్యులున్న సంఘాల్లో ఒంటరి వితంతువులు ఎంతమంది చేరారు, మధ్యలో ఎంతమంది మానేశారు, మానేసిన తర్వాత వాళ్ల ఇంటికి ఎవరైనా వెళ్లారా అని ఊరూరా అడిగి రాసుకుంటే, బాణామతి నింద తర్వాత ఎవరి మీద పడే ప్రమాదం ఉందో ముందే తెలుస్తుంది.